లిఫ్టర్ గొడవలో వేలు పెట్టాను

మాచర్లకు బదిలీ మీద వచ్చి ఏడాది దాటింది. మేడ మీద గదిలో ఒక్కదాన్నే ఉంటాను. బడి నుంచి వచ్చాక నాకున్న కాలక్షేపమల్లా కింద టీకొట్టు దగ్గర మా వీధి వాలీబాల్ జట్టు అభిమానుల గొడవ వినడమే. ఈ వారమంతా ఒకటే రగడ. ఆదివారం పోటీలో షాట్ కొట్టేవాళ్ళకు బంతి లేపి ఇచ్చే లిఫ్టర్‌గా పాత శ్రీను ఆడాలా, కొత్తగా చేరిన మస్తాన్ ఆడాలా అని.

ఈ సాయంత్రం ట్రాక్టర్ మెకానిక్ కోటయ్య బల్ల మీద గుద్ది మరీ అరిచాడు. "శ్రీను కాకపోతే ఇంకెవడ్రా? మస్తాన్‌గాడికి ఏం తెలుసని?"

కాలేజీలో నేనూ లిఫ్టర్‌నే. ఉండబట్టలేక పిట్టగోడ మీంచి వంగి అనేశాను.

"శ్రీను బంతి ఎటు ఇవ్వబోతున్నాడో ముందే అటు చూస్తాడండీ. అవతలివాళ్ళకు తెలిసిపోతుంది. మస్తాన్‌నే పెట్టండి."

అందరూ టక్కున లేచి నిలబడ్డారు. కోటయ్య బీడీ వీపు వెనక్కి పోయింది. ఒక్కరైనా "అట్టా కాదు మేడం" అంటారని ఆశగా చూశాను.

"మేడం చెప్పినాక ఇంకేందిరా? మస్తానే. పదండి" అన్నాడు కోటయ్య.

రెండు నిమిషాల్లో బల్లలు ఖాళీ. వారం రోజుల గొడవను ఒక్క మాటతో చంపేశాను. ఇప్పుడు కింద గ్లాసులు కడిగే చప్పుడొక్కటే వినిపిస్తోంది.

మీలో శ్రీను పక్షం ఎవరైనా ఉంటే వచ్చి నాతో పోట్లాడండి. ఒక్కటే షరతు, మేడం అనకూడదు.