బావిలోకి దిగినవాడు

ఈ బరువు నాతో పాటే ముసలిదైంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు రాస్తున్నాను.

అవి కరువు రోజులు. శెనక్కాయ చేలు మొలకలోనే మాడిపోయేవి. పావగడ దగ్గర మా ఊరు అరసికెరెలో నేనూ, మా పక్కింటి ఓబులేశూ సర్కారు గుమాస్తా పనికి అర్జీ పెట్టుకొని, ఇంటర్వ్యూకి కలిసి తయారయ్యేవాళ్ళం. ఆపదలో మీ బుర్రతో మీరు చేసిన పని ఒకటి చెప్పమంటారని పావగడ మేష్టరొకరు హెచ్చరించారు. ఓబులేశుకు చెప్పుకోవడానికి ఒకటుంది. నాకు లేదు.

అంతకు ముందు ఎండాకాలంలో నాగలమడిక ఏటి ఒడ్డున మేమిద్దరం నడిచి వస్తుంటే, ఒక పాడుబావిలోంచి మూలుగు వినిపించింది. పూడిక తీయడానికి దిగిన పరాయి ఊరి కూలి. ఓబులేశు వెంటనే దూకలేదు. బొక్కెనలో ఎండుగడ్డి అంటించి దించాడు. మంట సగంలోనే ఆరిపోయింది. లోపల చెడుగాలి. వేపమండలు కట్టకట్టి తాడుతో పైకీ కిందికీ ఆడించి, మళ్ళీ దించిన మంట నిలిచాకే దిగాడు. పైన తాడు నేను పట్టుకున్నాను. పైకి తెచ్చాక, తెలివి తప్పిన ఆ మనిషిని అతని వాళ్ళు వచ్చి మోసుకుపోయారు. మళ్ళీ కనిపించలేదు.

తుమకూరులో ఇంటర్వ్యూకి నన్నే ముందు పిలిచారు. అదే ప్రశ్న. నోరు తెరిస్తే, "నేను దిగాను" అని వచ్చింది. భయమా? ఆకలా? ఏ పేరు పెట్టుకున్నా అది నా నోరే కదా. నా తర్వాత వెళ్ళిన ఓబులేశు చెప్పబోతే, ఈ కథ ఇప్పుడే విన్నామని నవ్వి పంపేశారట.

ఉద్యోగం నాకొచ్చింది. కొన్నాళ్ళకు ఒక మిట్టమధ్యాహ్నం ఓబులేశు మా ఆఫీసుకు వచ్చాడు. నన్ను చూస్తూనే ఉన్నాడు, కానీ చూపు నా మీద లేదు.

"నిజం చెప్పప్పా. అందరూ అది నీ కథే అంటుంటే నాకే అనుమానమొచ్చె. ఆ పొద్దు బావిలోకి దిగింది నేనేనా?"

అప్పుడైనా చెప్పవచ్చు. పక్కన తోటి గుమాస్తాలున్నారు.

"నేనే దిగినా. నువ్వు తాడు పట్టుకున్నావు."

అతని ముఖం తేటపడింది. "అట్లనే అనుకుంటి. నీ మాట ఆడ ఇంటర్వ్యూలో నాదని చెప్పబోతినే. తప్పైపోయిందప్పా, మనసులో పెట్టుకోవద్దు."

ఆ తర్వాత అతను నేను దిగిన సంగతి ఊరంతా చెప్పాడు. మంట ఆరడం, మండలు ఆడించడం, ఒక్కటీ వదలకుండా. వినీ వినీ నాకేదో జరిగింది. ఇప్పుడు కళ్ళు మూస్తే తాడు కనిపించదు. బావి అడుగునుంచి గుండ్రటి ఆకాశం కనిపిస్తుంది. ముక్కుకు చెడుగాలి తగులుతుంది. నేనెన్నడూ చూడని చోటు నాకెలా గుర్తుంది?

పోయిన ఏడాది ఓబులేశు పోయాడు. అతని భార్య, పెద్దవాళ్ళయిన పిల్లల్ని నా ముందుకు తోసింది. "మీ నాయన చెప్తా ఉండె కదా, ఆ పుణ్యాత్ముడు ఈయప్పే. కాళ్ళు మొక్కండి."

మొక్కారు. కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

బావిలోకి దిగింది ఓబులేశు. ఈ వాక్యం రాయగానే చాలా ఏళ్ళకు ఊపిరి నిండుగా ఆడింది. ఆ పిల్లలకు మాత్రం ఇంకా చెప్పలేదు.