ఆనందం జేబులో చెంచా

మా ఆనందం చెంచా లేనిదే గడప దాటడు. చొక్కా జేబులో ఒక స్టీలు చెంచా, దాని పక్కన ఒక అగ్గిపుల్ల. ఏది కొలిచినా చెంచా నిండా తీసి, పైన కుప్పగా ఉన్నదాన్ని పుల్లతో గీసేస్తాడు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో పదేళ్లు సామాన్ల తూకం దగ్గర పనిచేశాడు. ఆ జబ్బు అక్కడే అంటుకుంది. మా ఇంట్లో టీ ఇచ్చినా చక్కెరను గీయాల్సిందే.

"చక్కెర నాది, పిసినారితనం నీదేంది?" అంటే, "లెక్క లెక్కనే, పెద్దమ్మా" అంటాడు.

ఈ ఏడు తొలి వానలకే మా ఊరి లింగమ్మ డ్రాగన్ ఫ్రూట్ తోటకు తెగులు పట్టింది. ప్లాట్ల మధ్య మిగిలిన అరెకరం, రెండేళ్ల చాకిరీ, రాబోయేది తొలి కాపు. పచ్చటి కొమ్మల మీద గోధుమ మచ్చలు లేచి, కుళ్లి ఊడిపోతున్నాయి. ఆమె బూజు మందు తెచ్చి గుప్పిటతో మందు కొట్టే ట్యాంకులో వేయబోతుంటే, మావాడు కంచె దూకి వచ్చాడు.

"ఆగు లింగమ్మక్కా! ట్యాంకుకు తొమ్మిది చెంచాలు. పదైతే కొమ్మ మాడుతది, ఎనిమిదైతే బూజు నవ్వుతది."

"నా చెయ్యి నలభై ఏండ్ల సంది కొలుస్తున్నది!"

"నీదే కాదు, ఊర్లె ఎవ్వరి చెయ్యినీ నమ్మ."

కుళ్లిన కొమ్మలన్నీ కోయించి, దూరంగా పూడ్పించాడు. తర్వాత మా అరుగెక్కి, మాదీ కలిపి ఊళ్లో ఆరు తోటలకూ ట్యాంకుకొక పొట్లం చొప్పున మందు గీసి గీసి కట్టాడు. మా కోడలు సునీలకు కోపం వచ్చింది.

"డిగ్రీ చదివిన. డబ్బా మీదిది చదువరాదా, అన్నా?"

"చదువుకున్నోళ్లే ఎక్కువ పోస్తరు, చెల్లె."

నేను ఊరుకుంటానా? పొట్లం తిప్పి చూశాను. ఒక్క అక్షరం లేదు, అన్నీ బొమ్మలే: పొద్దుపొడుపు, ట్యాంకు, మూతికి గుడ్డ కట్టిన మనిషి, అడ్డగీతతో కొట్టేసిన వాన మబ్బు.

"డిగ్రీ పిల్లకు బొమ్మలేంది రా?"

"నా రాత మంచిగుండదు, పెద్దమ్మా."

అబద్ధం! మా చర్చి గోడ మీది ముత్యాల్లాంటి అక్షరాలన్నీ వాడివే.

పదిహేను రోజులకు రెండో పొట్లం పడింది. మచ్చలు ఎండి ఆగిపోయాయి. కొత్త కొమ్మలు, మొగ్గలు, పళ్లు! ఆఖరి మందు కొట్టాక కోతకు ఎన్నాళ్లు ఆగాలో కూడా వాడే మా అరుగు గోడ మీద రోజుకో గీత గీసి అందరికీ చెప్పాడు. ఇగ చూడాలి లింగమ్మ వైభవం! ఎయిర్‌పోర్టు రోడ్డు మీద క్యాబులు వరుసగా ఆగుతుంటే మహారాణిలా కూర్చుని అమ్మింది. ఆ మర్నాడు పళ్ల గంపతో మా ఇంటికొచ్చి, ఆనందంతో సహా అరుగు మీదున్న అందరి ముందూ నడుముకు చేతులు పెట్టి నిలబడింది.

"నాకు అక్షరం ముక్క రాదు. ఇన్నేండ్లు సిగ్గుతోని దాచిన. బొమ్మలు జూసి నా తోట నేనే బతికించుకున్న! ఎవలన్న నేర్చుకుంటే రాండ్రి!"

ఆరు తోటలకూ బొమ్మల పొట్లాలెందుకో అప్పుడు వెలిగింది నాకు. ఆమె ఒక్కదానికే ఇస్తే ఊరికి తెలిసిపోదూ? నేను చూసేసరికి ఆనందం పైన పోయే విమానాన్ని తెగ పరిశీలిస్తున్నాడు.

లింగమ్మ తానే టీ పెట్టి, అతని గ్లాసులో చెంచా కుప్పగా చక్కెర వేయబోయింది. అతని చెయ్యి పుల్ల కోసం జేబులోకి పోయింది.

"గీస్తే చెయ్యి ఇరగ్గొడ్త!"

పుల్ల బయటికి రాలేదు. "తీపి ఎక్కువైంది" అని మొహం చిట్లించి, గ్లాసు అడుగుదాకా తాగి, ఇంకో గ్లాసు అడిగాడు.