నేను ఒక మెట్టు దించిన మాట

కొన్నేళ్ళుగా ఒక మాట దాచుకున్నాను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గ్రేటర్ నోయిడాలో యంత్రాల విడిభాగాలు తయారుచేసే ఒక జపాన్ కంపెనీలో ఇంటర్‌ప్రెటర్‌గా చేసేదాన్ని. సునంద అక్కడే ఇంజనీరు. ఇద్దరిదీ కాకినాడే, ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నాకు జ్వరమొస్తే సెలవు పెట్టి పక్కనే కూర్చునేది.

ఒకరిని శిక్షణకు జపాన్ పంపాలనుకున్నారు. చివరికి సునంద, వివేక్ అనే ఇంకో ఇంజనీరు మిగిలారు. జపాన్ నుంచి వచ్చి ఇద్దరికీ పని నేర్పిన మోరి గారిని పిలిచి, ఎవరు మెరుగని మేనేజరు అడిగాడు. గదిలో మేం ముగ్గురమే.

మోరి గారు, సునంద తనకంటే ‘ఉవతె’ అన్నారు.

జపాన్‌వాళ్ళు ‘జోజు’ అని ఎవరినైనా మెచ్చుకుంటారు. పుల్లలతో అన్నం తినడం వచ్చినా అంటారు. ఉవతె అలాంటిది కాదు. ఎదుటి మనిషి తనకంటే పైమెట్టు మీద ఉందని ఒప్పుకోవడం. రాస్తే రెండింటికీ అవే అక్షరాలు, పలికితేనే తేడా. ఆయన స్పష్టంగానే పలికారు.

"క్యా బోలే?" ఏమన్నారని అడిగాడు మేనేజరు.

"అచ్ఛా కామ్ కర్తీ హై, సర్." బాగానే పనిచేస్తుందన్నాను.

"బస్, ఇత్నా హీ?" అంతేనా అన్నాడు.

"జీ సర్."

హిందీ రాని మోరి గారు నావైపు చూసి తలూపారు. నేను సరిగ్గానే చెప్పాననుకున్నారు.

జపాన్‌కు వివేక్ వెళ్ళాడు.

"నా గురించి ఏమన్నారే?" అని అడిగింది సునంద, ఆ సాయంత్రం.

"బాగానే చేస్తుందన్నారు."

"అంతేనా," అంది. ఆ తర్వాత ఏ అవకాశానికీ పేరివ్వలేదు. కొన్నాళ్ళకు ఉద్యోగం మానేసి, ఇప్పుడు ఫరీదాబాద్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెబుతోంది.

ఎందుకు చేశాను? అది వెళ్ళిపోతే ఒంటరిదాన్నవుతానని భయపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కొంతవరకు నిజం కూడా. కానీ ఆ భాష కోసం నా వయసంతా పెట్టిన నన్ను ఒక్కసారైనా ఆ దేశం పంపనివాళ్ళు, అందులో ఒక్క ముక్క రాని సునందను పంపబోతుంటే ఓర్చుకోలేకపోయానన్నది ఇంకా పెద్ద నిజం కాదా?

వచ్చే వారం మోరి గారు ఢిల్లీ వస్తున్నారు. మా ఇద్దరినీ చూడాలన్నారు. "ఆయనిప్పుడు ఇంగ్లీషు మాట్లాడతారటే, ఈసారి నువ్వు మధ్యలో అక్కర్లేదు," అని సునంద ఫోన్లో నవ్వింది. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. ఇది పశ్చాత్తాపమా, దొరికిపోతానన్న భయమా? నాకే తెలియదు.

ఇవాళ పొద్దున్న సునందకు ఫోన్ చేసి చెప్పేశాను.

"ఏమన్నారు? మళ్ళీ చెప్పు," అంది. చెప్పాను. తను ఫోన్ పెట్టేసింది.

ఇంతవరకూ చేయలేదు. చేస్తుందని ఆశ కూడా లేదు. కానీ సునంద ఫోన్ వస్తే ఏ అబద్ధం చెప్పాలా అని ఇక వెతుక్కోనక్కర్లేదు.