వదిన సూదిమందు, మా బండిలో ఫ్రిజ్

మహదేవపురలో మా అపార్ట్‌మెంటు కింద, పై అంతస్తు కుర్రజంట కొత్తగా కొన్న కారవాన్ నిలబెట్టుకుని, ఇందులోకి ఏ ఫ్రిజ్ అయితే బాగుంటుంది ఆంటీ అని నిన్న పొద్దున నన్నడిగారు. వాళ్ళు మామూలుగానే అడిగారు గానీ, ఆ మాట చెవిన పడగానే ఎప్పుడో చల్లారిపోయిందనుకున్న చిరాకంతా నాకు మళ్ళీ నెత్తికెక్కింది.

మా వారు రిటైరైన కొత్తలో, ఎవరో వాడి వదిలేసిన కారవాన్ ఒకటి కొనుక్కొచ్చారు. మంచం, పొయ్యి, చిన్న సింకు, అన్నీ ఉన్న ఆ బండిలో ఒక్క ఫ్రిజ్ మాత్రం పనిచేయదు. అది లేకపోతే కొంపేం మునిగిందని మీరనవచ్చు. మా మొదటి ప్రయాణం మా వదిన కోసం. మా వారికి అక్క ఆవిడ. నగర్తపేట సందులో ఒంటరిగా ఉంటూ, జాకెట్లు కుట్టుకుంటూ వయసంతా గడిపేసిన మనిషి, సముద్రం ఎలా ఉంటుందో కూడా చూడలేదు. ఆవిడకి షుగరు, రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి, ఎండాకాలంలో ఆ మందు చల్లగా ఉండాలి. అందుకని ఫ్రిజ్ బాగైతే గానీ బండి కదిలేది లేదని మా వారు భీష్మించుకున్నారు.

ఇక చూడండి నా అవస్థ. కె.ఆర్.పురంలో ఒక మెకానిక్ గ్యాస్ పోయిందని చెప్పి నింపాడు, మర్నాటికే లోపల పెట్టిన పెరుగు పులిసిపోయింది. ఇంకొకాయన చూసి, ఇది ఇళ్ళల్లో ఉండే రకం కాదు, దీని సామాన్లు ఇక్కడ దొరకవు, కొత్తది పెట్టుకోండన్నాడు. కొత్తది పెట్టాలంటే పాతది బయటికి రావాలి కదా, అది తలుపులోంచి రాదు! బండి కట్టినవాళ్ళు ముందు ఫ్రిజ్ పెట్టేసి, తర్వాత దాని చుట్టూ అల్మారాలు బిగించారట. చివరికి వెనక కిటికీ అద్దం ఊడదీసి, మనుషుల్ని పిలిచి దాన్ని కిందికి దించారు. కొత్తది వచ్చాక చూస్తే వేలెడు ఎత్తు ఎక్కువ, అల్మారా కోయించాం. అద్దం మళ్ళీ బిగించాక పడిన మొదటి వానకే పరుపంతా తడిసి ముద్దయింది. ఇదంతా జరుగుతుండగా వదిన ఎన్నిసార్లు సంచి సర్దుకుందో, ఎన్నిసార్లు విప్పుకుందో. ప్రతిసారీ ఫోను చేసి ఇంకో వారం ఆగమని చెప్పాల్సింది మాత్రం నేనే, ఆయనగారు స్పానరు పట్టుకుని బండి కింద పడుకునేవారు.

ఒక ఆదివారం ఆవిడే ఆటో ఎక్కి, సంచితో సహా వచ్చేసి బండిలో కూర్చుంది. "ఎన్నాళ్ళప్పా ఈ పెట్టె చుట్టూ తిరగతా ఉంటావు? అది బాగయ్యేదాకా నేను ఉండొద్దా?" అని తమ్ముణ్ణి అడిగింది. ఆయన స్పానరు పక్కన పడేసి తాళాలు తీసుకున్నారు.

నేను భయపడ్డంతా అయింది. సాయంత్రానికి మదనపల్లి చేరి బండి ఆపామో లేదో, బ్యాటరీ దిగిపోయి ఆ కొత్త ఫ్రిజ్ కూడా ఆగిపోయింది. బండి నడిచినంతసేపే అదీ నడుస్తుందట. మా వారు బానెట్‌లో తల దూర్చారు, నేను ఆయన మీద అరుస్తున్నాను, ఈలోగా వదిన మందు చేత పట్టుకుని ఎదురింటి గడపలో నిలబడింది. "అమ్మీ, ఈ సూదిమందు తెల్లారేదాకా మీ ఫ్రిజ్జులో పెట్టుకుంటావా? మా బండిలోది చచ్చిపోయుండాది" అంటోంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఇల్లాలు మందు లోపల పెట్టడమే కాదు, పొద్దున మా ముగ్గురికీ బొరుగులు నానేసి ఉగ్గాని చేసి పెట్టి గానీ పంపలేదు. తిరుపతి దాటాక ఒక పల్లెలోనూ, తర్వాత నాయుడుపేటలోనూ అదే తంతు. వదిన ఎవరో ఒకరి తలుపు తట్టేది, పొద్దున వెళ్ళేముందు ఆ ఇంటి ఆడవాళ్ళ జాకెట్టు భుజం జారుతోందని సంచిలోంచి సూదీ దారం తీసి సవరించి ఇచ్చేది. నేను మాత్రం ప్రతి గడపలోనూ సిగ్గుతో చచ్చేదాన్ని. మైపాడులో ఆవిడ నేరుగా సముద్రంలోకి దిగింది. చాలాసేపు నీళ్ళలో నిలబడి, చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ బయటికొచ్చి, ఈ సంగతి మదనపల్లి అమ్మికి చెప్పాల అంది. తిరిగి వస్తూ బండి ఆపించి మరీ చెప్పింది.

వదిన పోయాక మా వారు పట్టుదలగా రెండో బ్యాటరీ పెట్టించి, ఫ్రిజ్‌ను నిజంగానే బాగుచేయించారు. అదే దారిన మేమిద్దరం మళ్ళీ వెళ్ళాం. ఒక్క గంట కూడా అది మొరాయించలేదు. నీళ్ళు, పెరుగు, పళ్ళు అన్నీ చల్లగా ఉన్నాయి, ఎవరినీ ఏమీ అడగాల్సిన పని పడలేదు. ఇప్పుడు అందరి ప్రయాణాలూ అలాగే సాగుతున్నాయి, సుఖంగానే ఉంటున్నాం. కానీ ఆ రెండో ప్రయాణంలో, మదనపల్లిలో వదిన మందు దాచిన ఆ ఇంటి ముందు ఆయన బండి ఆపితే, చేతిలో ఏమీ లేకుండా దిగి ఆ తలుపు ఏమని తట్టాలో మా ఇద్దరికీ తెలియలేదు.