కుటుంబం ఫెయిల్, పిల్ల పాస్

యాకుత్‌పురా స్టేషన్ దగ్గర స్టీలు గిన్నెల దుకాణం నడిపే వైకుంఠానికి ఒకటే గర్వం, తను ఎవరి గుమ్మం ముందూ చేతులు కట్టుకుని నిలబడలేదని. తాత పెట్టిన దుకాణం, తండ్రి పెంచిన దుకాణం, తను కూర్చున్న దుకాణం. గిరాకీలతో ఉర్దూలో బేరం, ఇంట్లో తెలుగులో కేకలు. ఆయన గొంతెత్తితే పై అరలోని పళ్ళేలు కూడా మోగుతాయని భార్య సుగుణమ్మ అనేది. అలాంటి మనిషికి మనవరాలు పుట్టింది. ఆ మనవరాలికి బడి ఈడొచ్చింది. గర్వానికి అంతటితో గడువు తీరింది.

పిల్లకు పుట్టిన నక్షత్రం చూసి పెట్టిన పెద్ద పేరొకటి ఉంది గాని, అందరూ పిలిచేది చింటు అనే. కోడలు రశ్మికి ఏదో పెళ్ళిలో ఎవరో చెప్పారు, ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఒక ఇంటర్నేషనల్ బడి ఉందని. అక్కడ చిన్నపిల్లలకు పుస్తకాలుండవట, పరీక్షలుండవట, గుర్రం మాత్రం ఉంటుందట.

"గుర్రమెందుకు బిడ్డా? మలక్‌పేట రేసులకాడ మస్తుగున్నయి గదా!" అన్నాడు వైకుంఠం.

"గవి వేరు మామయ్యా. ఇది ఎక్స్‌పోజర్."

వైకుంఠం బడిలో చేరిన రోజు వాళ్ళ బాపు ఆయన్ని రెక్క పట్టుకుని గల్లీ చివరి సర్కారు బడికి లాక్కెళ్ళాడు. హెడ్‌మాస్టరు చెయ్యి తల మీదుగా తిప్పి అవతలి చెవి అందుకోమన్నాడు. చెవి అందింది, సీటు వచ్చింది. మనవరాలి సంగతి అంత తేలిగ్గా తేలలేదు. మీ బిడ్డ ఈ ప్రపంచాన్ని ఎలా మారుస్తుందని ఆశిస్తున్నారు అని దరఖాస్తులోనే అడిగారు. చింటు అప్పటికి మార్చగలిగింది కుడికాలి చెప్పును ఎడమకాలికి మాత్రమే. కొడుకు మనీష్ రెండు పేజీలు రాశాడు.

ఆ తర్వాత పిలుపొచ్చింది. పిల్ల ఒక్కతే వస్తే చాలదట, ఇంట్లో ఉండేవాళ్ళంతా రావాలట.

"నాకు మోకాళ్ళ నొప్పులు. ఫెయిలయ్యేదుంటె మీరే అవుండ్రి," అని సుగుణమ్మ మంచం దిగలేదు.

అడ్మిషన్లు చూసే ఆవిడ పేరు రాగసుధ. చింటును ఇసకలో ఆడుకోవడానికి పంపించి, పెద్దవాళ్ళను మోకాలెత్తు కుర్చీల్లో కూర్చోబెట్టింది. పాప ఏడిస్తే మీరేం చేస్తారని అడిగింది. మనీష్ యూట్యూబులో చూసి వల్లె వేసింది గుక్క తిప్పుకోకుండా అప్పగించాడు, పాప భావాలను గుర్తిస్తామని, గౌరవిస్తామని. రశ్మి పక్కనే తల ఊపింది.

"తాతగారూ, మరి మీరు?"

"ఏం జేస్తనమ్మా, గిన్నె మీద గరిటెతోని గట్టిగ కొడ్త. నా లొల్లికి దాని లొల్లి బంద్ అయితది."

రాగసుధ ముఖంలో నవ్వు చెదరలేదు. చేతిలో పెన్ను మాత్రం కదలడం మొదలుపెట్టింది.

వారం తిరక్కుండానే జవాబొచ్చింది. చింటు అన్ని విధాలా సిద్ధంగా ఉందట. కుటుంబమే ఇంకా సిద్ధం కాలేదట. తాతగారు బడివాళ్ళు నడిపే శనివారం తరగతులకు హాజరైతే వచ్చే ఏడు మళ్ళీ చూస్తారట. ఆ రాత్రి రశ్మి గరిటెను కాస్త గట్టిగా కడిగింది.

వైకుంఠానికి అన్నం సహించలేదు. ఎన్నడూ ఒకరితో మాట పడని మనిషి పసిపిల్ల చదువుకు అడ్డమయ్యాడు. శనివారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, దుకాణం కొడుక్కి అప్పజెప్పి బయల్దేరాడు.

అక్కడ ఆయనలాంటి దోషులు ఇంకా కొందరున్నారు. పక్క కుర్చీలో కూర్చున్నది వీరరాఘవరావు, కోస్తా నుంచి వచ్చి మలక్‌పేటలో స్థిరపడ్డ రిటైర్డు ఇంజనీరు.

"మా మనవడు కలెక్టరవుతాడన్నానండీ. అంతే! పసివాడి మీద ఒత్తిడి పెడుతున్నానని నన్నిక్కడ పడేశారు," అన్నాడాయన.

ఇద్దరూ కలిసి వేళ్ళతో రంగులు పూశారు. మబ్బులు గీశారు. కోపం వస్తే కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకున్నారు. తన మబ్బుకు టీచరమ్మ నక్షత్రం అంటించిన రోజున వీరరాఘవరావు దాన్ని ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాడు. పై శనివారం వైకుంఠం పట్టుబట్టి ఏనుగు వేశాడు. రెండు నక్షత్రాలొచ్చాయి.

చదువు ఒంటబట్టింది. గిరాకీ సగం ధరకు బేరమాడితే ఒకప్పుడు బజారంతా వినపడేలా తిట్టేవాడు, ఇప్పుడు కళ్ళు మూసుకుని, "ఆప్‌కా దర్ద్ మై సమఝ్ సక్తా హూఁ," అని, మీ బాధ నేను అర్థం చేసుకోగలనని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ గిరాకీ భయపడి, "సేఠ్, తబియత్ ఠీక్ హై నా?" అని ఆరోగ్యం సంగతి అడిగి మంచినీళ్ళు తెప్పించాడు. సుగుణమ్మ రెండుసార్లు బీపీ చూపించింది.

ఈలోగా ఇంట్లో ఊరికే ఉండటమెందుకని చింటును గల్లీలో సత్తెమ్మ టీచరు నడిపే చిన్న బడిలో కూర్చోబెట్టారు. ఒకటే గది, గది నిండా పిల్లలు. అందరూ కలిసి గొంతు చించుకుని అరిచేదే పాఠం. చింటుకు అది ప్రాణమైపోయింది.

ఏడాది గడిచింది. మళ్ళీ పిలుపొచ్చింది. ఈసారి వైకుంఠం గొంతు తగ్గించి, వంగి కూర్చుని, ఏడ్చే పిల్ల కళ్ళలోకి చూస్తూ ఏం మాట్లాడాలో చెబుతుంటే రాగసుధ కళ్ళు చెమర్చాయి.

"తాతగారంటే మీలా ఉండాలండీ!"

వైకుంఠం ఛాతీ ఉబ్బింది. అప్పుడు చింటును పిలిచారు. ఎదురుగా ఒక మామిడిపండు పెట్టి, దీన్ని చూస్తే నీకేమనిపిస్తోంది అని ముద్దుగా అడిగారు.

చింటు దిగ్గున లేచింది. చేతులు కట్టుకుంది. "ఎం ఫర్ మ్యాంగో, మిస్!" అని అద్దాలు అదిరేలా అరిచింది.

పిల్లి బొమ్మ చూపించారు. "సీ ఫర్ క్యాట్, మిస్!" కిటికీలోంచి ఆకాశం చూపించారు. "ఎస్ ఫర్ స్కై, మిస్!" నీకు నచ్చింది చెయ్యి తల్లీ అని బతిమాలారు. చింటు కాసేపు ఆలోచించి, చిటికెన వేలు చూపించి బాత్రూముకు పర్మిషన్ అడిగింది.

రాగసుధ ముఖం చావు కబురు విన్నట్టయింది.

"కుటుంబం అద్భుతం సార్. పాపే... కాస్త పాడైపోయింది."

"అంటే ఏందమ్మా?" అన్నాడు వైకుంఠం.

"బడికి బాగా అలవాటు పడిపోయిందండీ."

ఆ బడిలో సీటు దొరక్కపోవడానికి కారణం పిల్ల బడికి అలవాటు పడటమని అర్థం చేసుకోవడానికి ఆయనకు కారు దాకా నడిచేంత సమయం పట్టింది. అరవాలనిపించింది. ఊపిరి లెక్కపెడదామని చూశాడు, మధ్యలో లెక్క తప్పింది. రశ్మి వెనక సీట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఏడాదిపాటు ఇంట్లో తననెవరూ పల్లెత్తు మాట అననిది ఈ కోడలి పుణ్యమేనని ఆయనకు అప్పుడు తట్టింది. జాలి వేసింది.

మనీష్ బండి తీస్తూ, "కోకాపేట దిక్కు ఇంకోటున్నదంట బాపు. మస్తు మంచిదంట. గాడ ముత్తాతల గురించి గూడ అడుగుతరంట," అన్నాడు.

"మా బాపు ఫోటో ఉన్నది గద, తీస్కపోదాం," అన్నాడు వైకుంఠం. "ఆయన్ని ఏమడిగినా సప్పుడు జెయ్యడు. వెంటనే పాసయితడు."

రశ్మి ఏడుపు మధ్యలోనే ఫక్కున నవ్వింది. నవ్వినందుకు మళ్ళీ కాసేపు ఏడ్చింది.

సోమవారం పొద్దున చింటు చెయ్యి పట్టుకుని రశ్మే గల్లీ బడికి తీసుకెళ్ళింది. సత్తెమ్మ టీచరు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మొన్న ఎందుకు రాలే?"

"జరమొచ్చింది టీచర్," అని తలదించుకుంది రశ్మి.

సత్తెమ్మ పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగానే ఉంది. ఇంకేమీ అడగకుండా, "నడువు లోపటికి," అని చింటును రెక్క పట్టుకుని తీసుకుపోయింది.