రాగి తీగతో కట్టిన గాజులు

తొంభైల్లో హైదరాబాద్‌లో నేను చేసే పరిశోధన ఏమిటో బోధన్‌లో మా ఇంట్లో చెప్పడం, ఆ పరిశోధన చెయ్యడం కన్నా కష్టంగా ఉండేది. వంగని, సాగని ఉంగరాల్లాంటి అణువులు. వాటికి తగిన లోహం తగిలితే, ఎవరూ పేర్చకుండానే ఒకదాని మీద ఒకటి నిలబడి, కంటికి ఆనని సన్నని గొట్టం కావాలి. కావాలి అంతే. రెండేళ్ళయినా నా సీసాల అడుగున బురదే మిగిలేది.

మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో కాలిపోయిన మోటార్లకు రాగి తీగ చుట్టేవాడు. చేత్తో పట్టుకుంటే తప్ప ఏదీ నమ్మడు. సెలవులకు వెళ్తే "నోటితోని కాదు బిడ్డా, సూపియ్యి" అని కూర్చున్నాడు. బీడీలు చుడుతున్న అవ్వ (మా అమ్మను మేము అలాగే పిలుస్తాం) లేచి, బిగుతైపోయాయని దాచిన పాత ఆకుపచ్చ గాజులు తెచ్చింది. నేను చెప్తుంటే బాపు వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి, చుట్టూ రాగి తీగతో బిగించాడు.

"గిట్ల ఎవ్వలు కట్టకుండనే కట్టుకుంటయా?"

"అవ్ బాపూ, లోహం తగిల్తే సాలు."

"మరి నీ తాన ఎందుకు కట్టుకుంటలేవు?"

అవ్వ పకపకా నవ్వింది. ఆమె నవ్వినా, ఆకు చుట్టినా చేతి గాజులు మోగేవి. మా ఇంట్లో పొద్దంతా అదే చప్పుడు. బాపు ఆ బొమ్మను గూట్లో పెట్టి, వచ్చినవాళ్ళందరికీ "మా బిడ్డ సదువు" అని చూపించేవాడు.

ఒక చలికాలం సీసాలో స్ఫటికాలు మెరిశాయి. ఎక్స్‌రేలో చూస్తే నిజంగానే గొట్టం. ఉంగరం మీద ఉంగరం, మధ్యలో లోహం. ఇంటికి వెళ్ళి చెబుదామని బట్టలు సర్దుకుంటుంటే కబురొచ్చింది, బాపు ఫ్యాక్టరీ గేటు దగ్గర గుండె ఆగి పడిపోయాడని. ఆ ఒక్క మాట ఆయన చెవిన పడలేదని నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

పదో రోజు ఆడవాళ్ళు అవ్వ చేతి గాజులు పగలగొట్టారు. అయ్యాక, చుట్టాల్లో ఒక పెద్దామె కళ్ళు గూటి మీద పడ్డాయి.

"గవి గూడ ఆమె గాజులేనా? ఇంట్ల ఉంచొద్దు, తియ్యిండ్రి" అని చెయ్యి చాపింది.

నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోపే అవ్వ లేచి దాన్ని తీసుకుంది.

"గవి గాజులు గావు. మా బిడ్డ సదువు" అంది. నా చేతుల్లో పెట్టి, మెల్లగా, "తీస్కపో. ఈడుంటే పగలగొడ్తరు" అంది.

నిజామాబాద్ బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అవ్వ చేతుల్లో ఇక వినపడని ఆ చప్పుడు ఒక్కసారైనా వినాలనిపించి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. మోగలేదు. బాపు అంత గట్టిగా కట్టాడు.