పూత మీద మంచు

"పూత మీద మంచు కమ్మితే ఏమవుద్దో తెలీదా టీచర్ గారూ? మామిడి తోటల్లోనే పుట్టి పెరిగారుగా!"

"అది మంచు కాదు గంగరాజు గారూ. బొమ్మలో రంగు వెయ్యకుండా వదిలేసిన కాగితం."

"నాకు మంచులాగే ఉందండీ. మా అత్తగారికైతే పూతని పీల్చేసే తేనెమంచు పురుగు కూడా కనపడిందంట. కొత్తింట్లో పొద్దున్నే లేచి దీని మొహం చూడమంటారా?"

మేడ మీద నా గదిలోకి ప్రతి మాటా వినపడింది. కింద వాటాలో ఉండే రిబ్కమ్మ, ఆగిరిపల్లిలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచర్‌గా చేసి మానేసింది. మానేసిందేంటి, మానిపించారు. డ్రాయింగ్ పీరియడ్ ఎత్తేసి లెక్కలు పెట్టుకున్నారు. ఇక గంగరాజు, పూత చూసి తోటల కాపు కొనే మనిషి. కొన్నాక మంచు కమ్మిందా, మునిగినట్టే. అలాంటివాడు మంచుని తెచ్చి గోడకి తగిలించుకుంటాడా? ఆ మాట ముందే చెప్పాను. ఆవిడ వినలేదు.

ఆవిడ పిచ్చి ఆవిడది. ఫోన్‌లో చైనా వాళ్ల సిరా బొమ్మలు చూసి, నల్ల సిరా కడ్డీ తెప్పించుకుంది. రాతి మీద నీళ్లు చల్లి, గంధం తీసినట్టు అరగదీసేది. మాను, కొమ్మలు ఆ సిరాతో, ఒక్క ఊపున. పూతకి మామూలు వాటర్ కలర్. తడి కాగితం మీద వదిలితే దానంతటదే పాకేది. మిగతా చోట ఏమీ వేసేది కాదు. "చెట్టుకీ చెట్టుకీ మధ్య గాలాడాలి కదరా" అనేది. అలాంటి తోటలన్నీ చుట్టచుట్టి బీరువా మీద పడున్నాయి. ఇన్నేళ్లలో ఒక్కటీ ఎవరి గోడా ఎక్కలేదు. చర్చికి ఇచ్చినదాన్ని పాస్టర్ గారు కుర్చీలు సర్దే గదిలో పెట్టించారు. ఒకళ్లు అడిగి వేయించుకున్నది ఇదే మొదలు.

చివరికి గంగరాజే కాస్త తగ్గాడు. "తెల్లగా ఉన్నచోటల్లా పచ్చగా కొట్టి, నాలుగు కాయలు వేసివ్వండి. ఆదివారం గృహప్రవేశానికి హాల్లో ఎదురుగోడకే పెడతా. లేదంటే మీరే ఉంచుకోండి" అని బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు.

నేను కిందికి దిగాను. "పూతలో కాయలంట! ఇవ్వకండి టీచర్, ఏం పోయింది?"

"నీకేంరా, కాలేజీ మానేసినంత తేలిగ్గా చెప్తావు" అంది. "బీరువా మీద ఇంకోటి పట్టదు."

వాటర్ కలర్‌లో తెలుపు వెయ్యరు, వదులుతారు. దాని మీద రంగు పడితే ఇక ఆ తెలుపు తిరిగి రాదు. నాకు ఆ సంగతి చెప్పింది ఆవిడే. ఇప్పుడు ఆవిడే ఆకుపచ్చ కలిపింది. బ్రష్ ముంచింది. కాగితం దాకా వెళ్లి చెయ్యి ఆగిపోయింది. మళ్లీ ముంచింది, మళ్లీ అంతే. పచ్చ చుక్కలు గచ్చు మీద పడ్డాయి.

బ్రష్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నాకు బొమ్మలు రావు టీచర్."

"అందుకే నీకిస్తున్నా. వచ్చినవాడికి అక్కడ చెయ్యి ఆడదు. కొట్టెయ్. కాయలు కూడా వెయ్, పెద్దవి." కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చుంది. "అడుగున నా పేరుంది. దాని మీద మాత్రం రంగు పడనీకురా."